పనికొచ్చే లివర్

"మీ లివర్ నేను తీసుకోలేను," అంది డాక్టరమ్మ.

ఆ మాట చెవిన పడగానే చిన్నోడికి హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు మరుక్షణమే సిగ్గేసింది. పక్క కుర్చీలో వదిన ఉంది. తన మొహం చూసేసిందేమోనని ఓరగా గమనించాడు. ఆమె ధ్యాసంతా డాక్టరమ్మ చేతిలోని స్కాన్ కాగితం మీదే ఉంది.

"ఎందుకు తీసుకోలేరు? బ్లడ్ గ్రూపు కలిసిందన్నారుగా."

"గ్రూపు కలిసిందమ్మా. కానీ ఈయన లివర్లో నూటికి ఇరవై రెండు పాళ్ళు కొవ్వే ఉంది. అందులో సగానికి పైగా కోసి మీ ఆయనకు పెడితే అక్కడది పనిచేయకపోవచ్చు. ఇక్కడ మిగిలిన ముక్క ఈయనకే చాలకపోవచ్చు. ఒకరిని బతికించబోయి ఇద్దర్నీ పోగొట్టుకుంటాం."

చిన్నోడని పిలుపే గానీ మనిషికి నలభై ఒకటి నిండాయి, తొంభై ఆరు కిలోలు తూగుతాడు. అన్నకు తమ్ముడు కాబట్టి చిన్నోడు, అంతే. వీధిలోవాళ్ళూ, డ్రైవింగ్ స్కూలుకు వచ్చేవాళ్ళూ, కోపమొస్తే కట్టుకున్న భార్యా, అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆ డ్రైవింగ్ స్కూలు అన్నదమ్ములిద్దరూ కలిసి పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్నది. అన్న బల్ల దగ్గర కూర్చుని ఫారాలు నింపుతాడు, గోడ మీది రోడ్డు గుర్తుల పటం చూపించి పాఠం చెబుతాడు. చిన్నోడు కారులో నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాడు. అతని కాళ్ళ దగ్గర అదనంగా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. ఇద్దరిదీ కదలకుండా చేసే పనే. లైసెన్సు చేతికొచ్చినవాళ్ళు ఊరికే పోరు. స్వీటు డబ్బానో కేకో తెచ్చి బల్ల మీద పెట్టిపోతారు. వారానికి మూడు డబ్బాలకు తగ్గవు. "గురుదక్షిణ కాదంటే పాపంరా," అంటూ అన్న మొదటి ముక్క తన నోట్లో వేసుకుని రెండోది తమ్ముడి నోట్లో కుక్కేవాడు.

అన్న జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఏడేళ్ళ కిందట కిడ్నీలో రాళ్ళున్నాయేమోనని స్కాన్ తీయిస్తే, కాగితం చివర 'ఫ్యాటీ లివర్' అని రాసి ఉంది. "లావుగా ఉన్న ప్రతివాడికీ ఉంటుందట," అని దాన్ని మడిచి సొరుగులో పడేశాడు. నొప్పి లేదు, జ్వరం లేదు. తర్వాత షుగరొచ్చింది. మాత్రలు మింగుతూనే స్వీట్లు తిన్నాడు. పోయిన ఏడాది పొట్ట ఉబ్బితే బెల్టుకు ఇంకో చిల్లు పొడిపించుకున్నాడు. కాళ్ళు వాస్తే వదులు చెప్పులు కొనుక్కున్నాడు. రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఫారం నింపుతూ నింపుతూ బల్ల మీదే రక్తం కక్కుకున్నాడు.

ఆసుపత్రివాళ్ళు మొట్టమొదట అడిగిన మాట, "ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నాడు?" అని. అప్పుడు వదిన మొగుడి వైపు తిరిగి చూసిన చూపు చిన్నోడికి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చుట్టాలూ అదే పాట పాడారు. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు. వదిన బీరువా వెనకా, కారు డిక్కీలో, స్కూలు సొరుగుల్లో సీసాల కోసం వెతికింది. దొరికినవి బిస్కెట్ పొట్లాల కాగితాలు, సంచెడు.

"ఒంటికి ఖర్చుకాని తిండి కొవ్వవుతుంది," అని ఇప్పుడు డాక్టరమ్మ చెబుతోంది. "దాచుకునే చోట్లన్నీ నిండాక లివర్లో చేరుతుంది. చేరినచోట వాపు, వాపు మానినచోట మచ్చ. మచ్చ మీద మచ్చ పడి మీ ఆయన లివర్ రాయిలా అయింది. ఇదంతా జరిగేటప్పుడు నొప్పి ఉండదు. అదే దీంతో వచ్చిన తంటా."

"మరి ఇప్పుడెలా?" అంది వదిన. ఆమె గ్రూపు కలవలేదు, చిన్నోడి భార్యదీ కలవలేదు. చనిపోయినవాళ్ళు దానం చేసే లివర్ కోసం పేరు రాయించారు గానీ ఆ వరుస చాలా పొడుగుంది. మిగిలింది అన్న కూతురు చిట్టి. దానికి పద్దెనిమిదో ఏడు నిండడానికి పన్నెండు వారాలుంది. మైనారిటీ తీరిన రోజే ఫారం మీద సంతకం పెడతానని ఇంట్లో ఇప్పటికే చెప్పేసింది. "ఆ మాట ఇంకోసారంటే ఆసుపత్రికే రాను, ఇంట్లోనే పోతాను," అని అన్న అరిచాడు. అరవడానికి కూడా ఓపిక లేని మనిషి.

డాక్టరమ్మ చిన్నోడి వైపు తిరిగింది. "మీ అన్నకు మూడు నెలలు టైముంది. మీకు పది వారాలిస్తాను. తొమ్మిది కిలోలు తగ్గండి. లివర్ మంచిది, దించితే కొవ్వు దిగుతుంది. పది పాళ్ళకు లోపు వస్తే నేను కత్తి పడతాను. ఒక్కటే షరతు, వారానికి కిలో. తొందరపడొద్దు, కడుపు మాడ్చుకోవద్దు."

వదినను బయటికి పంపి ఆమె తలుపు మూసింది.

"ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. మీకు వద్దనిపిస్తే, ఏ రోజైనా సరే, నాతో ఒక్క మాట చెప్పండి. పరీక్షలో సరిపోలేదని మీవాళ్ళకు నేను చెప్తాను. అసలు కారణం ఎవరికీ తెలీదు."

"అలాంటిదేం లేదు మేడం," అన్నాడు చిన్నోడు గబగబా.

*

వాళ్ళ ఇల్లు రెండంతస్తులు. కింద అన్నవాళ్ళు, పైన చిన్నోడూ భార్యా. వంటలు వేరైనా మెట్ల మీద గిన్నెలు ఎక్కుతూ దిగుతూనే ఉంటాయి. మర్నాటి నుంచి చిన్నోడి వంట బాధ్యత వదిన తీసుకుంది. ఆసుపత్రిలో డైటీషియన్ అమ్మాయి రాసిచ్చిన కాగితాన్ని గోడకు అంటించింది. చక్కెర బంద్. కూల్‌డ్రింకు బంద్. వేపుళ్ళు, బేకరీ సరుకు బంద్. పళ్ళెంలో సగం కూరగాయలు, గుప్పెడన్నం, పప్పో గుడ్డో. చిన్నోడు ముద్ద ఎత్తినప్పుడల్లా ఆమె చూపు ఆ ముద్దతో పాటే పైకి లేచేది.

భార్య ఇదంతా మెట్ల మీద నుంచి చూస్తూ ఊరుకుంది. మూడో రోజు మాత్రం బట్టలు మడతపెడుతూ అడిగింది.

"కోస్తే ఎంత కోస్తారండీ?"

"సగానికి పైనే. మళ్ళీ పెరుగుతుందంట."

"పెరగకపోతే?"

ఆమె మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

పొద్దున్నే నడక. తోడు చిట్టి. "బాబాయ్, నీ ఫోన్ నాకివ్వు," అని లాక్కుని అందులో అడుగులు లెక్కపెట్టేది. మొదటి రోజు వీధి చివరి మందుల షాపు దాకా వెళ్ళేసరికే చిన్నోడికి ఊపిరాడలేదు. "పద్దెనిమిదేళ్ళుగా అందరికీ రోడ్డు నేర్పుతున్నావు. నువ్వు దాని మీద నడిచిందెప్పుడు బాబాయ్?" అని నవ్వింది పిల్ల. రెండో వారానికి రైలు గేటు దాకా, మూడో వారానికి గేటు దాటి నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళారు. శనివారం ఆసుపత్రి తూకంలో తొంభై ఆరు కాస్తా తొంభై మూడున్నరైంది. వదిన ఆ రోజు మొదటిసారి నవ్వింది. దాదాపు మూడు నెలల తర్వాత నవ్విన నవ్వు.

చిన్నోడికి మాత్రం కిలో తగ్గినకొద్దీ గుండెల్లో బరువు పెరుగుతోంది. తొంభై ఆరు కిలోలున్నంత కాలం కత్తికీ తనకూ మధ్య ఒక గోడ ఉంది. ఆ గోడను తన చేత్తో తనే, ఇటుక తర్వాత ఇటుక, తీసేసుకుంటున్నాడు.

నాలుగో వారం అన్నను పొట్టలో నీళ్ళు తీయించడానికి చిన్నోడు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. లోపల గొట్టం పెట్టి సీసాల్లోకి వదులుతుంటే బయట బెంచీ మీద కూర్చున్నాడు. పక్కనే ఒకావిడ. భర్తకు లివర్ ఇచ్చి నలభై రోజులైందట, కుట్లు చూపించుకోవడానికి వచ్చింది. మాటల్లో మాటగా, "నొప్పి పది రోజులేనండీ, తర్వాత అలవాటైపోతుంది," అంటూ ఫోన్లో ఫోటో చూపించింది. రొమ్ము కింద నుంచి బొడ్డు పక్కకు, అక్కణ్ణుంచి నడుము దాకా వంపు తిరిగిన కోత. ఆమె ధైర్యం చెప్పాలనే చూపించింది. చిన్నోడు ఆ ఫోటో వైపు రెండోసారి చూడలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరు నేర్చుకునేవాళ్ళ మధ్య అరగంట ఖాళీ దొరికింది. కారు ఆటస్థలం గోడ పక్కన ఆపి ఎదురు కొట్లో రెండు బిస్కెట్ పొట్లాలు కొన్నాడు. అద్దాలెక్కించుకుని రెండూ తిన్నాడు. ఆకలి లేదు. తిన్నంతసేపూ భయం లేదు, అంతే. మర్నాడు మళ్ళీ అదే గోడ, అదే కొట్టు. ఆ మర్నాడు ఒక కూల్‌డ్రింకు కూడా తోడైంది.

ఐదో శనివారం తూకం తొంభై నాలుగూ పాతిక చూపించింది. తగ్గాల్సింది పోయి పెరిగింది.

"ఏం తింటున్నావు చిన్నోడా?" అంది వదిన. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"నువ్వు పెట్టిందే వదినా."

దార్లో ఆటోలో ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

మంగళవారం పొద్దున నడకకు బయల్దేరబోతుంటే వాన పట్టుకుంది. చిట్టీ చిన్నోడూ స్కూలు కారులోకి దూరారు. పిల్ల సీటు వెనక్కి జరపబోయి కిందికి చెయ్యి పెట్టింది. చెయ్యి బయటికి తీస్తే అరచేతి నిండా బిస్కెట్ పొడి. నలిగిన పొట్లం కాగితాలు నాలుగు. ఆమె వాటిని చూసింది, బాబాయిని చూసింది. ఇంట్లో ఆ మధ్య వాళ్ళమ్మ సంచెడు కాగితాలు పోగుచేసినప్పుడు పక్కనున్నది ఆ పిల్లే.

చిన్నోడు అద్దం మీది వాన చినుకుల వైపు తిరిగాడు.

"నీకు భయమేస్తే ఇవ్వొద్దు బాబాయ్," అంది చిట్టి, కాగితాలను చిన్నగా మడుస్తూ. "నేనేం అనుకోను. అమ్మకు చెప్పను. ఇంకో ఏడు వారాలేగా, నేనిస్తాను. నాకేం భయం లేదు."

భయం లేదంటున్న ఆ పిల్ల ఒక్కసారి కూడా తలెత్తకపోవడం చిన్నోడు చూశాడు.

*

ఆ రోజు నుంచి అతను తిండి మానేశాడు. డాక్టరమ్మ షరతు గాలికి పోయింది. వదిన పెట్టిన పళ్ళెం పైకి పట్టుకెళ్ళి తింటానని చెప్పి, భార్య అటు తిరగ్గానే సంచిలో కట్టేసేవాడు. నిమ్మకాయ నీళ్ళు, ఉప్పు వేసుకుని, అవే పొద్దునా అవే సాయంత్రం. నడక రెట్టింపు చేశాడు. ఆరు రోజుల్లో మూడు కిలోలకు పైగా దిగింది. అద్దంలో బుగ్గలు పీక్కుపోయి కనిపిస్తే అతనికి గర్వమనిపించింది. పోగొట్టిన రోజులన్నీ ఒక్క ఊపులో సంపాదించేశాననుకున్నాడు.

ఏడో రోజు పదకొండు గంటలకు రిటైరైన లెక్కల టీచరమ్మ పాఠం. అరవై దాటాక కారు నేర్చుకోవాలని సరదా పుట్టిన మనిషి. గేరు మార్చిన ప్రతిసారీ "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెడుతుంది. ఆ రోజు పెద్ద వంతెన ఎక్కించి దింపుతున్నాడు. దిగుడులో కింద సిగ్నల్ పడింది. ముందు ఒక స్కూలు బస్సు ఆగి ఉంది, దాని వెనకద్దంలో పిల్లల తలలు కనిపిస్తున్నాయి.

"నెమ్మదిగా బ్రేకు, టీచరుగారూ."

ఆమె కంగారులో యాక్సిలరేటర్ తొక్కింది. పద్దెనిమిదేళ్ళలో చిన్నోడు ఇలాంటివి వెయ్యి చూసుంటాడు. అతని కాలు అతను చెప్పకుండానే బ్రేకు మీదికి పోవాలి. పోలేదు. కళ్ళ ముందు తెల్లటి తెర దిగింది. చెవుల్లో హోరు. కాలెక్కడుందో, బ్రేకెక్కడుందో తెలియలేదు. దూరం నుంచి ఎవరో "బాబూ! బాబూ!" అని కేకేస్తున్నట్టుంది.

కారు పెద్ద చప్పుడుతో ఊగి ఆగింది.

చూపు తేరుకునేసరికి టీచరమ్మ రెండు చేతులూ హ్యాండ్‌బ్రేకు మీదున్నాయి. కారు అడ్డం తిరిగి డివైడరుకు గుద్దుకుంది. బస్సుకూ బానెట్టుకూ మధ్య మూరెడు కూడా లేదు. బస్సు వెనక సీట్లోని చిన్నపిల్ల ఒకతె ఏదో ఆట అనుకుని వాళ్ళ వైపు చెయ్యి ఊపింది.

"ఏమైంది బాబూ నీకు? మొహమంతా చెమటలు," అంది ఆవిడ. "పొద్దున్నేం తిన్నావు?"

"ఏం తినలేదండీ."

"నిన్న?"

చిన్నోడు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ సీటు బెల్టు తీసి, అతని చెంప మీద ఒక్కటి అంటించింది. గట్టిగా కాదు. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని కొట్టిన చెయ్యి, దానంతటదే పోయింది.

*

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం బల్ల మీద పెట్టి వేలితో కొట్టింది.

"చూడండి. పోయిన నెల కంటే లివర్ వాపు పెరిగింది. ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా కరిగితే ఎక్కడికి పోతుందనుకున్నారు? అంతా వచ్చి ఆ లివర్ మీదే పడుతుంది. పైగా మీరు పోగొట్టుకున్న మూడు కిలోల్లో సగం నీళ్ళు, కండ. ఇక ఒక వారం తేరుకోవడానికే పోతుంది. మెల్లగా అని చెప్పానా లేదా?"

"చెప్పారు."

ఆమె కాగితం పక్కన పెట్టింది. "మొదటి రోజు నేను చెప్పిన ఇంకో మాట కూడా గుర్తుందా? ఒక్క మాట చాలు."

చెప్పేస్తే అయిపోతుంది. చిన్నోడి నాలుక చివరి దాకా వచ్చింది. వంగి నేల వైపు చూశాడు. "రేపు చెప్తాను మేడం," అన్నాడు.

అన్న కింది గదిలో కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉన్నాడు. చేతులు పుల్లల్లా, పొట్ట బానలా, కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. చిన్నోడు మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాడు గానీ నోరు తెరిస్తే ఒక్క మాటే వచ్చింది.

"అన్నా, నాకు భయంగా ఉంది."

"తెలుసురా."

"ఏం తెలుసు?"

"డాక్టరమ్మ కాదన్న రోజు ఇంటికొచ్చి మూడు సార్లు అన్నం పెట్టించుకున్నావట. మీ వదిన చెప్పింది. ఉరి తప్పినవాడి ఆకలిరా అది అనుకున్నాను." అన్న నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "నేనైతే నీకు ఇచ్చేవాణ్ణా అని ఇక్కడ పడుకుని చాలాసార్లు ఆలోచించాను. ఇస్తాననే అనుకుంటాను. కానీ ఇచ్చే అవసరం లేనివాడికి ఆ మాట అనడం సులువు."

చిన్నోడు బిస్కెట్ల సంగతి చెప్పాడు. పస్తుల సంగతి, వంతెన సంగతి, బస్సులో పిల్లల సంగతి, అన్నీ చెప్పాడు. దాచిందల్లా డాక్టరమ్మ చూపించిన దొంగదారి ఒక్కటే. అదీ కాసేపటికి చెప్పేశాడు.

అన్న తమ్ముడి మోచెయ్యి పట్టుకున్నాడు.

"అయితే రేపు ఆ మాట చెప్పెయ్. నా మీద ఒట్టు, నేనేం అనుకోను. రెండు పనులు మాత్రం చెయ్యి. చిట్టిని ఆ బల్ల ఎక్కనివ్వకు, నేనున్నా పోయినా. రెండోది, నాకిచ్చినా ఇవ్వకపోయినా నీ కొవ్వు నువ్వు దింపుకో. ఏడేళ్ళ కిందట నా కాగితమూ నీ కాగితంలాగే ఉంది. చెప్పేవాళ్ళు లేక కాదు, చెప్పినా నేను వినలేదు. నీ నోట్లో స్వీటు ముక్కలు కుక్కింది కూడా నేనే."

"ఊరుకో అన్నా."

"ఊరుకుంటాలే. నీరసంగా ఉంది."

చిన్నోడు పైకెళ్ళి భార్యకూ అంతా చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. "మీరు వద్దనుకుంటే ఎవరేమన్నా నేను అడ్డం నిలబడతాను," అంది. "ఇస్తానంటే మాత్రం దొంగతిళ్ళూ దొంగపస్తులూ వద్దు. సగం మనసుతో బల్లెక్కితే నేను బయట కూర్చోలేను."

మర్నాడు పొద్దున చిన్నోడు డాక్టరమ్మ గది తలుపు తట్టాడు.

"చెప్పండి," అందామె.

"మీరు మావాళ్ళకేమీ చెప్పక్కర్లేదు మేడం," అన్నాడు.

*

ఆ రోజు నుంచి దాపరికం లేదు. భయమేసినప్పుడు భయమేస్తోందని చెప్పేవాడు. మధ్యాహ్నం పాఠాల మధ్య ఖాళీలో కారు ఆ గోడ పక్కన ఆపకుండా స్కూలుకే వచ్చి, భార్య కట్టిచ్చిన ఉడకబెట్టిన గుడ్లూ దోసకాయ ముక్కలూ వదినకు కనపడేట్టు బల్ల దగ్గరే తినేవాడు. అన్న సీట్లో ఇప్పుడు వదినే కూర్చుంటోంది. లైసెన్సొచ్చినవాళ్ళు స్వీట్లు తెస్తే, "లోపలికి తీసుకురావద్దమ్మా, మీ ఇంట్లో పిల్లలకిచ్చెయ్యండి," అని గుమ్మంలోనే దండం పెట్టేది. టీచరమ్మ మళ్ళీ పాఠాలకొచ్చింది. కారెక్కగానే ముందు "ఏం తిన్నావు?" అని అడిగి, జవాబు వచ్చాకే తాళం తిప్పేది.

ఏడో వారం తొంభై ఒకటిన్నర. ఎనిమిదో వారం తొంభైకి కాస్త పైన. వదిన ఇంకా ముద్దలు లెక్కపెడుతూనే ఉంది గానీ, ఒకరోజు చిన్నోడు గుప్పెడన్నంలో కొంచెం వదిలేస్తే, "పూర్తిగా తిను, మళ్ళీ వంతెన మీద పడతావు," అని కసిరింది.

తొమ్మిదో వారం మధ్యలో అన్నకు పొంతన లేని మాటలు మొదలయ్యాయి. లివర్ వడకట్టాల్సిన విషం మెదడుకెక్కిందన్నారు. ఆసుపత్రిలో చేర్చారు. చిన్నోడు వెళ్ళేసరికి అన్న మంచం మీద బాసింపట్టు వేసుకుని, లేని కలంతో దుప్పటి మీద ఏదో రాస్తున్నాడు.

"రండి, కూర్చోండి," అన్నాడు తమ్ముణ్ణి చూసి. "పేరు చెప్పండి. పాత లైసెన్సు ఉందా?"

"అన్నా, నేనూ... చిన్నోణ్ణి."

"చిన్నోడా? వయసు పద్దెనిమిది నిండితేనే రాసుకుంటాం బాబూ. ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకురా."

తలుపు దగ్గర చిట్టి గోడ వైపు తిరిగిపోయింది. చిన్నోడు దుప్పటి మీది ఆ చేతిని పట్టుకున్నాడు. అది ఇంకా రాస్తూనే ఉంది.

డాక్టరమ్మ అందర్నీ వరండాలోకి పిలిచింది. "పదో వారం దాకా ఆగలేం. స్కాన్ ఈ రోజే తీస్తాను. వస్తే వచ్చింది, లేకపోతే..." మిగతాది ఆమె పూర్తి చేయలేదు. చిట్టికి ఇంకా మూడు వారాలుంది. ఈసారి ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

తూకం ఎనభై ఎనిమిదీ ముప్పావు. అనుకున్నదానికి దాదాపు రెండు కిలోలు ఎక్కువే. చిన్నోణ్ణి సొరంగం లాంటి యంత్రంలోకి పంపి, ఊపిరి బిగబట్టమన్నారు, వదలమన్నారు, మళ్ళీ బిగబట్టమన్నారు. బయటికొచ్చి చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఒకటి పెట్టాల్సిన చోట ఇంకోటి పడుతోంది. భార్య వచ్చి పెట్టింది.

రిపోర్టుకు రెండు గంటలన్నారు. వరండాలో ఇనప కుర్చీలు, ఎదురుగా చెప్పుల స్టాండు. వదిన, భార్య పక్కపక్కనే కూర్చున్నారు. ఇన్ని వారాలుగా అవసరమైతే తప్ప మాట్లాడుకోని తోడికోడళ్ళు. కాసేపటికి వదిన అంది:

"నీ మొగుణ్ణి అడుగుతున్నానని నా మీద కోపంగా ఉందా?"

"ఉంది అక్కా," అంది భార్య. "బావగారు పోతారని భయం కూడా ఉంది. రెండూ ఉన్నాయి."

వదిన తలూపి ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. అది నచ్చిందో లేదో గానీ భార్య చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

రెండు గంటలు మూడయ్యాయి. డాక్టరమ్మ కాగితంతో వచ్చినప్పుడు చిన్నోడు కుర్చీ అంచు పట్టుకుని కూర్చునే ఉన్నాడు.

"తొమ్మిది," అందామె. "నూటికి తొమ్మిది పాళ్ళు. వాపు కూడా దిగింది. ఎల్లుండి పొద్దున చేద్దాం."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నోడు తనలోకి తను తొంగి చూసుకున్నాడు. హమ్మయ్య లేదు, భయం మాత్రం ఉంది, నిండుగా ఉంది. అయినా లేచి నిలబడగలిగాడు.

ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో డాక్టరమ్మ ఆఖరిసారి అతన్ని ఒంటరిగా అడిగింది. అతను చేతిమీది గుర్తుపట్టీని సరిచేసుకుని, "పదండి మేడం, మళ్ళీ అడిగితే పారిపోతాను," అన్నాడు.

*

మెలకువ వచ్చేసరికి నొప్పి, గొంతులో గొట్టం గీరిన మంట, పైన తెల్ల దీపాలు. "అన్న?" అని అడిగాడు. మాట బయటికొచ్చిందో లేదో తెలియలేదు. భార్య వంగి చెవిలో చెప్పింది. "అతికింది. పచ్చటి పైత్యరసం వస్తోందంట, పనిచేస్తున్నట్టే అన్నారు."

అంత తేలిగ్గా ఏమీ గడవలేదు. మూడో రోజు అన్నకు లోపల రక్తం కారుతోందని మళ్ళీ తెరిచారు. ఆరో రోజు జ్వరం. వదిన అద్దం తలుపు బయట నిలబడే ఉండేది, కూర్చోమంటే వినేది కాదు. తొమ్మిదో రోజు జ్వరం దిగింది. పదో రోజు అన్న కళ్ళు తెరిచి నర్సును, "అమ్మా, మా చిన్నోడెక్కడ?" అని అడిగాడు. ఆ వార్త మోసుకుని చిట్టి చెప్పుల్లేకుండా వార్డంతా పరుగెత్తింది.

పదిహేనో రోజు ఇద్దర్నీ వరండాలో నడవమన్నారు. చిన్నోడు పొట్టకు దిండు అదుముకుని, అన్న సెలైన్ స్టాండు పట్టుకుని, మొహానికి మాస్కుతో. పది అడుగులకు ఒకసారి ఆగుతున్నారు. అన్న కళ్ళలో పసుపు పోయి తెలుపు తేలింది. డైటీషియన్ అమ్మాయి ఎదురొచ్చి అతని చేతిలో కాగితం పెట్టింది. పెట్టిన లివర్‌ను ఒళ్ళు కాదనకుండా మింగే ఈ మందులకు ఆకలి బాగా వేస్తుందట, ఒళ్ళు చేస్తుందట, జాగ్రత్త పడకపోతే ఈ లివర్లోనూ కొవ్వు చేరుతుందట.

అన్న కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. చక్కెర బంద్, బేకరీ సరుకు బంద్, రోజూ నడక.

"ఏంట్రా ఇది? కొత్త లివర్ పెట్టినా పాత రూల్సేనా?"

"కొత్తదని ఎవరన్నారు? నలభై ఒక్కేళ్ళు వాడిన బండి. సెకండ్ హ్యాండ్. నెమ్మదిగా నడుపుకో."

అన్న నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు. "నవ్వించకురా, కుట్లు లాగుతున్నాయి."

"నాకూ లాగుతున్నాయి."

ఇద్దరూ గోడకు చేరబడి కాసేపు ఊపిరి తీసుకున్నారు. తర్వాత అన్న స్టాండును ముందుకు తోశాడు. "పద, ఆ కిటికీ దాకా పోదాం," అన్నాడు. కిటికీ ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉంది.